బీరువాలోని దిక్సూచి

కూర్మన్నపాలెం కూడలిలో తెల్లవారుజామున నిలబడి చూచినవారికి ఆ ఊరి బ్రతుకుతెరువు ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. రహదారి మీద లారీల వరుస ఒక ప్రక్క. రాత్రి షిఫ్టు దిగి ఇంటిదారి పట్టినవారు, ఉదయపు షిఫ్టుకు పోవువారు మరియొక ప్రక్క. అందరి చూపూ ఉక్కు కర్మాగారం వైపే. ఆ కర్మాగారం కావలెనని తెలుగువారు 1966లో ఉద్యమించినారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినారు. 1992లో అది జాతికి అంకితమైనది. ఈ చరిత్ర అక్కడి పిల్లలందరికీ కంఠస్థం. అయితే ఆ ప్రాకారం లోపల తమ తండ్రులు దినదినమూ ఏమి చేస్తున్నారని అడిగితే, చాలమంది పిల్లలు "డ్యూటీ చేస్తారు" అని మాత్రం చెప్పి ఊరుకుంటారు.

నిజానికి ఆ డ్యూటీ తెలుసుకొనదగినదే. బ్లాస్టు ఫర్నేసులో ఇనుము 1,400 డిగ్రీలు దాటిన వేడిలో కరగి ఉంటుంది. దానిలోనికి ఏ మానవుడూ తొంగిచూడలేడు. అందుచేత గోడలలో అమర్చిన థర్మోకపుళ్లు వేడిని కనిపెట్టి చెపుతవి. గొట్టాలలో అమర్చిన సాధనాలు నీటి ప్రవాహాన్ని, గాలి ఒత్తిడిని కొలుస్తవి. ఆ కొలతలను కంప్యూటరు సరిచూస్తుంది. దాని ఆజ్ఞ మేరకు కవాటాలు తెరుచుకుంటవి, మోటార్లు తిరుగుతవి, ప్రమాద సూచకంగా గంటలు మ్రోగుతవి. గ్రహించుట, ఆలోచించుట, కదలించుట - ఇంత పెద్ద కర్మాగారమూ ఈ మూడు క్రియల మీద నడుస్తున్నది.

ఈ మూడు క్రియలనే అరచేతిలో ఇమిడే చిన్న పలకమీద పిల్లలచేత చేయించవచ్చునన్నది మా నేటి ప్రసంగ విషయం. కంప్యూటరు విద్య అనగానే తెర, దానిముందు కుర్చీ, మీటల పలక మన కన్నులకు కట్టుతవి. ఇది అట్టిది కాదు. పిల్లవాడు వ్రాసిన ప్రోగ్రాము తెరను దాటి వచ్చి, ఒక దీపాన్ని వెలిగించి, ఒక మోటారును త్రిప్పి, కుండీలోని మట్టి తడిని కొలుస్తుంది. ఇందులో చేతికీ బుద్ధికీ సమానంగా పని ఉన్నది.

ఇట్టి పలకలు నేడు అనేకం దొరుకుతున్నవి. 2005లో ఇటలీ దేశంలోని ఇవ్రేయా పట్టణంలో విద్యార్థుల కొరకు పుట్టిన ఆర్డువీనో వానిలో ఒకటి. మరింత చిన్న పిల్లలకు అనువైనది మైక్రోబిట్. దీని పుట్టుక మావంటి ప్రసారకులకు కొంత ముచ్చట గొలుపుతుంది; ఏలనగా దీనిని తలపెట్టినది ఒక రేడియో సంస్థయే. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ 1981లో ప్రజలకు కంప్యూటరు పరిచయం చేయదలచి బి.బి.సి. మైక్రో అను యంత్రాన్ని తయారు చేయించినది. మన దేశంలో 1984-85లో పాఠశాలలలో కంప్యూటరు పరిచయం ప్రారంభమైనప్పుడు వచ్చిన యంత్రాలు అవియే. తరువాత 2016లో అదే సంస్థ ఇతర సంస్థలతో కలిసి మైక్రోబిట్‌ను తయారు చేయించి, పదకొండు పన్నెండేండ్ల బ్రిటిష్ పిల్లలకు సుమారు 10 లక్షల పలకలను ఉచితంగా పంచిపెట్టినది.

ఈ పలక వెడల్పు 5 సెంటీమీటర్లు, ఎత్తు 4 సెంటీమీటర్లు. ముఖాన అయిదు వరుసలలో 25 చిన్న ఎర్ర దీపాలు; ఇరుప్రక్కల రెండు మీటలు. లోపల వంపునూ కుదుపునూ కనిపెట్టే సాధనమొకటి, దిక్కును చూపే సాధనమొకటి, వేడిని తెలిపేది ఒకటి ఉన్నవి. 2020లో వచ్చిన రెండవ రూపంలో చిన్న మైకు, స్పీకరు కూడ చేరినవి. 1981 నాటి బి.బి.సి. మైక్రో పెద్ద నమూనాలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేటి ఈ పలకలో 128 కిలోబైట్లు. నడచుటకు రెండు సన్నని బ్యాటరీలు చాలును.

ఇక మేము కన్నులార చూచిన సంగతి చెప్పెదము. కొద్దికాలం క్రిందట ధ్వనిముద్రణ పనిమీద కూర్మన్నపాలెం పరిసరాలలోని ఒక పాఠశాలకు వెళ్లినాము. సైన్సు మాస్టారు ఎంతో ఆదరంతో మమ్ములను ప్రయోగశాలకు తీసుకొనిపోయి, ఇనుప బీరువా తాళం తీసినారు. పై అరలో చిన్న చిన్న అట్టపెట్టెలు వరుసగా పేర్చి ఉన్నవి. వానిలో చాలవాటికి అంటించిన కాగితం సైతం చెక్కు చెదరలేదు. వచ్చి ఎంతకాలమైనదని అడిగినాము. ఏడాది దాటినదన్నారు. మరి విప్పలేదేమని అడిగినాము.

"స్టాకు రిజిస్టరులో లెక్క ఉన్నదండీ. ఒకటి కాలిపోయినా, ఒకటి కనబడకపోయినా సంజాయిషీ చెప్పుకోవలసినవాడిని నేనే గదా! పైగా నిజం చెప్పవలెనంటే, నాకే దీనిని నడపడం సరిగా రాదు. పిల్లల ముందు తడబడితే ఏమి మర్యాద?" అన్నారాయన.

ఆయన మాటలలో కపటం లేదు. ఈ భయం ఆయన ఒక్కనిదే అని కూడ మేము అనుకొనము. వస్తువు పోతే సంజాయిషీ అడుగుటకు మన దగ్గర కాగితమున్నది. వస్తువు వాడకపోతే సంజాయిషీ అడుగుటకు కాగితం లేదు. అందుచేత బీరువా మూసి ఉంచినవాడు క్షేమంగా ఉంటాడు. నష్టపోయేది ఎనిమిదవ తరగతి పిల్లవాడు. పెట్టె మరుసటి సంవత్సరమూ అక్కడనే ఉంటుంది. ఆ పిల్లవాడు మాత్రం ఎనిమిదవ తరగతిలో ఉండడు.

ఆనాడు మేము మైకు పట్టుకొని వచ్చినందువల్లనో, మరి దేనివల్లనో, మాస్టారు ఆరు పెట్టెలు బయటకు తీసి, పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టినారు. దిక్సూచి పాఠం ఎన్నుకొన్నారు. ప్రోగ్రాము చిన్నది: మీట నొక్కితే పలక ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో 0 నుండి 359 వరకు డిగ్రీలలో చూపవలెను. ముందుగా పలకను అటూ ఇటూ వంచుతూ ముఖంమీది దీపాలన్నిటినీ వెలిగించవలెను. దిక్కును సరిగా చూపుటకు దానికా అలవాటు చేయక తప్పదు. పిల్లలకు ఆ పనియే ఒక ఆటగా తోచినది.

తరువాత చిక్కు వచ్చినది. కిటికీ దగ్గరి జంటకు ఉత్తరం ఒకవైపు, బీరువా ప్రక్కన కూర్చున్న జంటకు ఉత్తరం మరియొకవైపు తేలినది. "మాస్టారూ, మాది తప్పు చూపిస్తున్నది" అన్నాడొక పిల్లవాడు. మాస్టారి ముఖం వాడినది. "ఈ పలక చెడిపోయినట్లున్నది, ఇలా ఇచ్చేయి" అని చేయి చాచినారు. ఆ జంటలోని బాలిక మాత్రం ఇవ్వలేదు. "ఒక్క నిముషం మాస్టారూ" అని పలకను పట్టుకొని వరండాలోనికి, అక్కడినుండి ఆవరణలోనికి నడచిపోయినది. అక్కడ నిలబడి కేక వేసినది: "ఇక్కడ బాగానే చూపిస్తున్నదండీ!"

తిరిగి గదిలోనికి వచ్చినది, మరల తప్పు. బయటికి పోయినది, మరల సరి. అప్పుడు పిల్లలందరూ లేచినారు. పలకను ఒకే వైపు త్రిప్పి పట్టుకొని, బీరువాకు అడుగు దూరంలో, రెండడుగుల దూరంలో, మూడడుగుల దూరంలో నిలబడి అంకెలు నోటుబుక్కులో వ్రాసుకొన్నారు. దూరం పెరిగినకొద్దీ తప్పు తగ్గినది. పలక చెడిపోలేదు, ఇనుప బీరువా దానిని త్రోవ తప్పిస్తున్నది. పాఠ్యపుస్తకంలో అయస్కాంత క్షేత్రాన్ని గూర్చి ఆ పిల్లలు అంతకు ముందే చదివి ఉన్నారు, పరీక్షలో వ్రాసి ఉన్నారు. కాని ఇనుము ప్రక్కన ఉంటే ఉత్తర దిక్కే మారిపోయినట్లు తోచగలదని వారికి తెలిసినది ఆనాడే.

అంతటితో ఆగలేదు. ఒక కుర్రవాడు, "మరి ఓడ అంతా ఇనుమే గదా మాస్టారూ, దానిలో దిక్సూచి ఎలా పనిచేస్తుంది?" అని అడిగినాడు. విశాఖపట్నం పిల్లవాడు అడుగవలసిన ప్రశ్నయే. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అను ఉక్కు ఓడ నీటిలోనికి దిగినది ఈ ఊరిలోనే. మాస్టారు క్షణకాలం తటపటాయించి, "నాకు తెలియదురా. రేపు కనుక్కొని చెప్పుకొందాము" అన్నారు. మేము ధ్వనిముద్రణ చేసికొన్న దానిలోకెల్ల విలువైన మాట అదియేనని మాకు తోచినది. మర్యాద పోతుందని వెరచిన ఆయనకు, ఆ మాట అన్న తరువాత మర్యాద పెరిగినదే కాని తరగలేదు.

మన శ్రోతలకు కూడ ఆ సమాధానం చెప్పవలెను గదా. ఉక్కు ఓడలోని అయస్కాంత దిక్సూచి చుట్టూ చిన్న అయస్కాంతాలను, ఇరుప్రక్కల మెత్తని ఇనుప గుండ్లను అమర్చి ఓడ ఇనుము కలిగించే తప్పును చాలవరకు సరిదిద్దుతారు. ఓడను అన్ని దిక్కులకూ త్రిప్పి చూచి, ఇంకనూ మిగిలిన తప్పును ఒక పట్టికలో వ్రాసి ఉంచుతారు. నావికుడు ఆ పట్టికను చూచుకొని దిక్కు నిర్ణయిస్తాడు. అనగా ఆ పిల్లలు నోటుబుక్కులో వ్రాసుకొన్న అంకెల వంటివే, వారికి తెలియకుండనే, నావికుడు కూడ వ్రాసుకొంటున్నాడన్నమాట.

చేతితో చేయుచు నేర్చుకొనుట మనకు క్రొత్త కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్యకు మూలసూత్రం ఇదియే. నూలు వడకుచు లెక్క, ప్రత్తిని గూర్చి తెలుసుకొనుచు భూగోళం నేర్వవలెనని ఆ పద్ధతి. కంప్యూటరు విషయంలో ఇట్టి భావమునే ప్రచారం చేసినవాడు సేమోర్ పేపర్ట్ అను గణిత శాస్త్రజ్ఞుడు. ఆయనయు, ఆయన సహచరులును 1967లో లోగో అను భాషను పిల్లల కొరకు రూపొందించినారు. పిల్లల ఆజ్ఞ ననుసరించి నేలమీద ప్రాకుచు గీతలు గీయు తాబేలు యంత్రం ఆ తరువాత వచ్చినది. తాబేలు తప్పు దారిన పోతే పిల్లవానికి మొట్టికాయలు లేవు. ఏ ఆజ్ఞ తప్పినదో తానే వెదకి దిద్దుకొంటాడు. పేపర్ట్ బోధలోని సారమంతా ఇదియే: తప్పు శిక్షకు కాదు, దిద్దుబాటుకు.

ఈ దిశగా మన దేశంలో కొంత పని జరిగినది. నీతి ఆయోగ్ ఆధ్వర్యాన 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద, ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు పిల్లల కొరకు 10,000 అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొన్నవి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం. మరి అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో 50,000 ల్యాబులు నెలకొల్పగలమని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించినారు. మన రాష్ట్రంలోనే కుప్పం సమీపాన, 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థవారి 172 ఎకరాల ఆవరణ ఉన్నది. సైన్సు పరికరాలను వాహనాలలో వేసికొని పల్లె బడులకు తీసికొనిపోయే పద్ధతికి వారు పేరుపొందినవారు. వాహనంలో వచ్చిన పరికరం సాయంత్రానికి తిరిగి పోవలసినదే గనుక, బీరువాలో నిదురించే అవకాశం దానికి లేదు!

కావున ఇప్పుడు కొరత వస్తువులది మాత్రమే కాదు. వచ్చిన వస్తువును బయటకు తీసే ధైర్యం కావలెను. ఆ ధైర్యానికి తోడ్పడగల మాటలు నాలుగు ఉపాధ్యాయులకు మనవి చేస్తాము.

మొదటిది, ఏది ప్రమాదమో ఏది కాదో తెలిసికొనవలెను. రెండు బ్యాటరీల ఒత్తిడి 3 వోల్టులు. దానితో షాకు కొట్టదు. ప్రోగ్రాము ఎంత తప్పుగా వ్రాసినా పలక కాలిపోదు. దీపం వెలుగదు, అంతే. తుడిచి మరల వ్రాయవచ్చును. చెడగొట్టేవి వేరే ఉన్నవి: బ్యాటరీ రెండు కొనలను తీగతో నేరుగా కలుపుట, మోటారును పలకకే నేరుగా తగిలించుట, తడి చేతులతో పట్టుకొనుట. ఇంటి గోడలోని కరెంటుకు మాత్రం ఏ పిల్లవాడూ దీనిని తగిలించరాదు. ఈ నాలుగైదు నియమాలు అట్టమీద వ్రాసి గోడకు తగిలిస్తే సగం భయం తీరుతుంది.

రెండవది, పాఠం తెలుగులోనే మొదలు కావలెను. "మట్టి ఎండితే దీపం వెలిగించు, లేకపోతే ఆర్పు" - ఇది మన ఇండ్లలో అమ్మమ్మలు మాట్లాడే వాక్యమే. ప్రోగ్రాము అనగా ఇట్టి వాక్యాల వరుస. దానిని ముందు నల్లబల్లమీద తెలుగులో వ్రాయించి, ఏమి జరుగుతుందో ఊహించి చెప్పమని, ఆ తరువాత పలక చేతికి ఇవ్వవలెను. ఊహ ఒకటి, జరిగినది మరియొకటి అయితే అక్కడనే చదువు ఆరంభమైనదన్నమాట.

మూడవది, ఖరీదైన వస్తువులకై వేచి ఉండరాదు. రెండు ఇనుప మేకులు పూలకుండీలో గ్రుచ్చి, తీగలతో పలకకు కలిపితే మట్టి తడి 0 నుండి 1,023 వరకు ఒక అంకెగా కనిపిస్తుంది. తడి మట్టిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది గనుక అంకె పెరుగుతుంది. కొన్నాళ్లకు మేకులలో ఒకటి త్రుప్పు పట్టి అంకెలు చెదరుతవి. అదియు మంచిదే, ఎందుకు త్రుప్పు పట్టినదని అడిగితే రసాయనశాస్త్రం మొదలవుతుంది. అట్లే పలకలోని ఉష్ణమాపకం గోడమీది ఉష్ణమాపకం కంటె ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపితే తికమక పడనక్కరలేదు. అది కొలిచేది గదిలోని గాలిని కాదు, తన లోపలి చిప్పు వేడిని. ఏ సాధనమైనా దేనిని కొలుస్తున్నదో మొదట విచారించవలెనన్న జాగ్రత్త, రేపు బ్లాస్టు ఫర్నేసు దగ్గర నిలబడబోయేవానికి పదవ తరగతి మార్కులంత అవసరమే.

నాలుగవది, చేతులు మారవలెను. ఇద్దరికి ఒక పలక ఇస్తే, మగపిల్లవాడు తీగలు తగిలించుట, ఆడపిల్ల నోటుబుక్కులో వ్రాయుట అలవాటైపోతుంది. పది నిముషాలకొకసారి పని మార్పించవలెను. బ్రిటనులో పలకలు పంచిన మరుసటి సంవత్సరం, 2017లో, వాడిన పిల్లలను విచారిస్తే, ప్రోగ్రాము వ్రాయుట ఎవరికైనా సాధ్యమేనని దీనివలన తెలిసినదని నూటికి 90 మంది చెప్పినారు. "ఎవరికైనా" అన్న మాటలో ఆడపిల్లలు కూడ ఉండవలెనంటే తీగ వారి చేతికి కూడ రావలెను. మేము చూచిన తరగతిలో పలకను తిరిగి ఇవ్వక ఆవరణలోనికి నడిచినది ఒక బాలికయే అని మరల జ్ఞాపకం చేస్తున్నాము.

"ఇదంతా ఆటే గదండీ, పరీక్షలో ఇందుకు మార్కులు వేస్తారా?" అని ఒక తల్లి ఆనాడు మమ్ములను అడిగినది. న్యాయమైన ప్రశ్న. మార్కులు రావు. ఆమె భర్త కర్మాగారంలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. కుర్రవానికి ఆ మాత్రం పని అయినా దొరుకునో లేదో అని ఆమె దిగులు. ఈ పలక ఉద్యోగం ఇస్తుందని మేము ఆమెకు చెప్పలేదు, చెప్పరాదు కూడ. మేము చెప్పినది ఇంత మాత్రమే: యంత్రం తప్పు చూపినప్పుడు "చెడిపోయినది" అని పారవేసేవాడు ఒకడు, "ఎందుకు?" అని నాలుగడుగులు నడిచి చూచేవాడు మరియొకడు. ఏ కర్మాగారమైనా, ఏ కాలమైనా, ఈ రెండవవానితో పని ఉంటుంది. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే మా గుంటడిని కూడా ఒక దినం పట్టుకోనియ్యమని మాస్టారితో చెప్పండి" అన్నది.

చెప్పినాము. ఇప్పుడు ఆ పాఠశాలలో శుక్రవారం చివరి పీరియడు ఆ పలకలకు కేటాయించినారట. స్టాకు రిజిస్టరు ప్రక్కన మాస్టారు మరియొక పుస్తకం ఉంచినారు: ఏ తేదీన ఎన్ని పెట్టెలు బయటకు వచ్చినవి, ఎవరు ఏమి చేసినారు, ఏది పనిచేయలేదు, ఎందుకు చేయలేదు. మొదటి పుటలో బీరువాకు ఎన్ని అడుగుల దూరంలో దిక్కు ఎంత తప్పినదో పిల్లల చేతివ్రాతలోనే ఉన్నది.

శ్రోతలలో తలిదండ్రులు అనేకులు ఉంటారు. ఈసారి మీ పిల్లల బడిలో సమావేశానికి వెళ్లినప్పుడు, ల్యాబు ఉన్నదా అని మాత్రం అడిగి తిరిగి రాకండి. ఈ నెలలో పెట్టెలు ఎన్నిసార్లు బయటకు తీసినారని మర్యాదగా అడగండి. ఒక పలక కాలిపోయినదని మాస్టారు చెపితే, ఆయనను కోపగించుకొనక, అది ఎలా కాలినదో పిల్లలకు తెలిసినదా అని అడగండి. తెలిసి ఉంటే, ఆ పలక ధర వృథా పోలేదు.